పోయివచ్చెద నను మాట

మన తెలుగునాట నిల్లు వెడలువాడు “పోయెదను” అనడు, “పోయివచ్చెదను” అనును. ఇంటివారును “పొమ్ము” అనక “పోయిరమ్ము” అందురు. ఈ చిన్నమాటలో రెండు వాగ్దానము లిమిడియున్నవి. మరలివత్తునని పోవువాని వాగ్దాన మొకటి. తలుపు తెఱచి యుంతుమని యున్నవారి వాగ్దానము రెండవది. మొదటిదానిని గాలియు నలలును భంగపఱుపవచ్చును. రెండవదానిని భంగపఱుపగలవారము మనమే. సముద్రయానమునకు వెడలు తండ్రిని సాగనంపు కుటుంబమును గూర్చి మేమిచట విచారింపదలచినది యీ రెండవ వాగ్దానమునే.

పూర్వము కృష్ణామండలమున నిట్టి వీడ్కోళ్లు బందరు రేవున జరుగుచుండెను. అచట తీరమున లోతు తక్కువ యగుటచే నోడలు దూరముననే లంగరు వేసి నిలిచెడివి. ప్రయాణికులు చిన్నపడవలపై వానిని జేరవలసియుండెను. ఒడ్డున నిలిచిన భార్యాబిడ్డలకు తమవాని పడవ కనుమఱుగగువఱకు చూచుచుండుటయే మిగిలెడిది. 1864 నవంబరు 1వ తేది రాత్రి వచ్చిన యుప్పెన బందరు ప్రాంతమున సుమారు 30,000 మందిని బలిగొన్నది. అట్టి సముద్రమును జూచి భయపడుట సహజము. ఆ కన్నీటిని మేము నిందింపము.

మేము నిందించునది వేఱు. బౌధాయనుడు సముద్రయానమును పాతిత్యహేతువులలో జేర్చెను. తరువాతివారు దానిని కలివర్జ్యములలో జెప్పిరి. అందుచే గడపకడ “పోయిరమ్ము” అని కంట నీరు పెట్టుకొన్న పెద్దలే, ఆతడు మరలివచ్చిన పిమ్మట పంక్తినుండి దూరపఱుచుట గలదు. తండ్రి బ్రతికి వచ్చియు బిడ్డలకు దక్కకపోవుటకంటె దుఃఖమేమున్నది?

ఇది మన పూర్వాచారమని కొందఱందురు. బందరునకు సమీపముననున్న ఘంటసాల ప్రాచీనశాసనమున శివకుడను మహానావికుని పేరు గలదు. 1244వ సంవత్సరమున కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవున నభయశాసనము వేయించెను. ఓడలు పగిలి తీరము జేరిన సరకును పూర్వరాజులు హరించుచుండగా, తాను సుంకము దక్క మఱేమియు గైకొననని యాతడు ప్రకటించెను. పరదేశపు వర్తకునకు రాజిచ్చిన యభయమును కన్నతండ్రికి కుటుంబమీయరాదా?

రాజా రామమోహనరాయలవారు 1830 నవంబరులో కలకత్తానుండి ఓడయెక్కి యింగ్లండునకు వెడలిరి. 1833 సెప్టెంబరు 27న బ్రిస్టలునొద్ద పరమపదించిరి. వంగదేశమున నున్న పుత్రులకు మరల పితృదర్శనము లభింపలేదు. క్రైస్తవ శ్మశానమున దమ్ము బూడ్చినచో, కులభ్రష్టత సాకుగా పుత్రుల దాయభాగమునకు భంగము గలుగునేమోయని శంకించి, వేఱుస్థలమున నుంచవలసినదని వారు కోరియుండిరి. ఆ మహనీయునికి సముద్రము గలిగింపని భయమును సంఘము గలిగించెను.

ఆ భయమును దీర్చినది 1850వ సంవత్సరపు 21వ చట్టము. కులము పోయినంతమాత్రమున నాస్తిహక్కు పోదని యది నిర్ణయించెను. 1872వ సంవత్సరపు సాక్ష్యచట్టము మఱియొక నియమము జెప్పినది. సహజముగా వినవలసినవారు ఏడేండ్లు ఒకని జాడ వినకున్నప్పుడే, వాడు బ్రతికియున్నాడని చెప్పువారిపై నిరూపణభారము పడును. 2023వ సంవత్సరపు భారతీయ సాక్ష్య అధినియమమును దానినే నిలిపినది. న్యాయస్థానము ఏడేండ్లు వేచియుండును. కులాచారమో, ఓడయెక్కిన దినముననే మనుష్యుని లేనివానిగా నెంచెను.

నేడా నిషేధము సడలినది. ఐనను, తండ్రి దూరదేశమునకు వెడలునప్పుడు “నాయన యెప్పుడు వచ్చును?” అని బిడ్డ యడిగిన, అపశకునమని నోరు మూయించు నిండ్లు ఇంకను గలవు. ఆ ప్రశ్నకు బదులు చెప్పుటయే నిజమైన సాగనంపు. ఎచటికి, ఏల, ఎంతకాలమునకు బోవుచున్నాడో తండ్రియే బిడ్డను దగ్గర దీసికొని చెప్పవలెను. ఆస్తిపత్రము లెచటనున్నవో భార్యకు దెలుపవలెను. క్షేమసమాచారము క్రమముగా నంపవలెను. ఇంటివారు ఆతని స్థానమును పంక్తిలో నుంచవలెను. ఆతడు ధనముతో వచ్చినను రిక్తహస్తుడై వచ్చినను, ఆ స్థానమున గూర్చుండబెట్టి వడ్డింపవలెను. అట్లు చేయ సిద్ధపడినవారికే “పోయిరమ్ము” అను నధికారము గలదు.