ముదురు మామిడి తోటల పునరుద్ధరణ: కోత పరికరాల ఎంపిక, నరికిన కలప సద్వినియోగం

మామిడిని 10 మీటర్ల ఎడంతో నాటితే హెక్టారుకు 100 చెట్లు వస్తాయి. నాటిన తొలి ఏళ్లలో విశాలంగా కనిపించే ఈ దూరం నలభై ఏళ్లు నిండేసరికి చాలదు. కొమ్మలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయి, చెట్టు లోపలికి వెలుతురు ప్రసరించదు. కాపు పైకొమ్మలకే పరిమితమవుతుంది. మందుల పిచికారీ, కాయల కోత కష్టమవుతాయి. ఇటువంటి తోటలను పూర్తిగా తొలగించకుండా, పెద్ద కొమ్మలను తగ్గించి చెట్టును పునరుద్ధరించే పద్ధతిని లక్నోలోని కేంద్రీయ ఉపోష్ణ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించింది. చెట్టును నేలమట్టం నుండి 4–5 మీటర్ల ఎత్తున కత్తిరించి, కొత్తగా వచ్చిన చిగుళ్లలో బలమైనవాటిని మాత్రమే నిలిపితే, సుమారు రెండేళ్ల తరువాత చెట్టు మళ్లీ కాపుకు వస్తుంది.

ఈ పనిలో రైతుకు నష్టం రెండు చోట్ల కలుగుతుంది. మొదటిది, కోత సరిగా లేక చెట్టే ఎండిపోవడం. రెండవది, నరికిన కలప తోటలోనే పడి ఉండి వంటచెరకు ధరకు పోవడం. ఈ రెండింటికీ మూలం ఒకటే. చెట్టుపై మిగిలిన గాయం, నేలపై పడిన దుంగ కోతముఖం రెండూ శిలీంధ్రాలకు, తొలుచు పురుగులకు ఒకే సమయంలో తెరుచుకుంటాయి. కావున కొమ్మల కోత, కలప వినియోగం వేర్వేరు పనులు కావు. రెండింటికీ ప్రణాళిక రంపం పట్టకముందే సిద్ధం కావలెను.

కోతలో పాటించవలసిన సూత్రాలు

చెట్టు తన గాయాన్ని మాన్పుకోదు. గాయపడిన చెక్కను చుట్టూ గోడకట్టినట్లు వేరుచేసి, దానిపై కొత్త కణజాలాన్ని పెంచుకుంటుంది. అమెరికా అటవీ సేవా విభాగానికి చెందిన శాస్త్రవేత్త అలెక్స్ షైగో 1970ల దశకంలో ఈ విషయాన్ని సిద్ధాంతీకరించారు. కొమ్మ మొదట్లో కనిపించే ఉబ్బెత్తు భాగం ఈ రక్షణకు ముఖ్య స్థానం. కొమ్మను పూర్తిగా తొలగించేటప్పుడు కోత ఈ ఉబ్బుకు వెలుపలనే ఉండవలెను. కాండానికి సమంగా చెక్కితే ఉబ్బు పోయి కుళ్లు కాండంలోకి దిగుతుంది. పొడవైన మోడును వదిలితే అది ఎండి, పురుగుకు నివాసమవుతుంది.

బరువైన కొమ్మను ఒకే కోతతో తెంచరాదు. తెంచితే అది ఒరిగేటప్పుడు బెరడు కాండం వరకు చీలిపోతుంది. ఈ నష్టాన్ని నివారించడానికి మూడు కోతల పద్ధతి అనుసరించాలి.

1. కొమ్మ మొదటి నుండి సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో, అడుగు వైపు నుండి మూడోవంతు మందం వరకు కోయాలి.
2. దానికి కొంచెం వెలుపల పైనుండి కోసి బరువును దించాలి.
3. మిగిలిన మోడును ఉబ్బుకు వెలుపల శుభ్రంగా తొలగించాలి.

ఎత్తు తగ్గించడానికి పెద్ద కొమ్మను మధ్యలో ఖండించినప్పుడు కోతముఖం కొద్దిగా ఏటవాలుగా ఉంటే వాననీరు నిలవదు. చెట్టు మొత్తాన్ని ఒకేసారి మోడు చేస్తే ఆకు లేక ఆహార తయారీ నిలిచిపోతుంది, బెరడు ఎండకు మాడుతుంది. అందువల్ల బలహీనమైన చెట్లలో కొమ్మలను రెండు మూడు విడతలుగా తగ్గించడం శ్రేయస్కరం.

పరికరాల ఎంపిక

కొమ్మ మందాన్ని బట్టి పరికరం మారుతుంది. వేలి మందం రెమ్మలకు సికేచర్, 4 సెంటీమీటర్ల వరకు పొడవు పిడుల కత్తెర, అంతకు మించితే వంపు రంపం అనువైనవి. వంపు రంపం లాగేటప్పుడు కోస్తుంది కనుక చెట్టుపై పట్టు తప్పదు. నేలపై నిలబడి ఎత్తు కొమ్మలను కోయడానికి గెడ రంపం ఉపయోగపడుతుంది. గొడ్డలి దెబ్బ బెరడును చితుకగొడుతుంది. కోతముఖం ఎగుడుదిగుడుగా మిగులుతుంది. కనుక బ్రతికి ఉండవలసిన చెట్టుపై గొడ్డలి వాడరాదు.

పెద్ద కొమ్మలకు మోటారు గొలుసు రంపం సమయాన్ని ఆదా చేస్తుంది. పదును తగ్గిన గొలుసును గుర్తించడం తేలిక: పదునైన గొలుసు చిన్న చిన్న చెక్క ముక్కలను విసురుతుంది, మొద్దుబారినది మెత్తని పొడిని రాలుస్తుంది. మొద్దు గొలుసును బలంగా నొక్కడం వల్లనే అనేక ప్రమాదాలు జరుగుతాయి. గొలుసు పరిమాణానికి తగిన గుండ్రటి ఆకురాయితో, ప్రతి పంటికీ సమాన సంఖ్యలో, ఒకే దిశలో పదును పెట్టాలి. గొలుసుకు వేసే నూనె, పెట్రోలులో కలిపే నూనె వేరు వేరని కూలీలకు స్పష్టంగా తెలియజేయాలి.

రంపపు పట్టీ కొన పైభాగం చెక్కకు తగిలితే రంపం ఒక్కసారిగా పనివాని ముఖం వైపు ఎగురుతుంది. ఈ కారణంగా భుజం ఎత్తుకు మించి గాని, నిచ్చెనపై నిలబడి గాని మోటారు రంపం వాడరాదు. శిరస్త్రాణం, ముఖకవచం, చెవి రక్షణ, కాళ్లకు కోతను నిరోధించే తొడుగు తప్పనిసరి. చెట్టును పూర్తిగా పడగొట్టేటప్పుడు ఇతరులు చెట్టు ఎత్తుకు కనీసం రెట్టింపు దూరంలో ఉండాలి. సమీపంలో విద్యుత్ తీగలు ఉంటే సరఫరా నిలిపించిన తరువాతనే పని ప్రారంభించాలి.

గాయాల సంరక్షణ

తెగులు సోకిన చెట్టు నుండి మరో చెట్టుకు వెళ్లేముందు పరికరాలను 70 శాతం స్పిరిట్‌తో తుడవాలి. కోసిన రోజే కోతముఖాలకు బోర్డో పేస్టు పూయాలి. కిలో మైలుతుత్తం, కిలో సున్నం విడివిడిగా నీటిలో కరిగించి, మొత్తం నీరు 10 లీటర్లు మించకుండా కలపాలి. ఇందుకు ఇనుప పాత్రలు పనికిరావు. అయితే ఏ పూతా తప్పుగా కోసిన కోతను సరిదిద్దదు. సరైన స్థానంలో కోయడం మొదటి రక్షణ, పూత రెండవది. ఆ తరువాత కాండం తొలుచు పురుగు రంధ్రాలను, వాటి నుండి రాలే పొట్టును తరచుగా గమనిస్తూ, పిల్లపురుగులను ఇనుప తీగ కొక్కెంతో తీసివేయాలి.

నరికిన కలప వినియోగం

మామిడి కలప మధ్యరకం గట్టిదనం గలది. ప్యాకింగు పెట్టెలకు, ప్లైవుడ్‌కు, సాధారణ గృహోపకరణాలకు ఉపయోగపడుతుంది. దీని లోపం మన్నిక. పచ్చి దుంగను తోటలో వదిలితే నీలి మరక శిలీంధ్రం, పురుగులు త్వరగా ఆశించి పలక విలువ తగ్గిపోతుంది. అందువల్ల కోతకు ముందే కోత మిల్లుతో మాట్లాడుకొని, తిన్నగా ఉన్న భాగాలను పలకలకు అనువైన పొడవులో ఖండించవలెను. దుంగ చివరలకు మైనం లేదా రంగు పూస్తే చీలికలు తగ్గుతాయి.

అమ్మకంలో కొలత ముఖ్యం. కలప వ్యాపారంలో చుట్టుకొలతలో నాలుగోవంతును వర్గించి పొడవుతో గుణించే పద్ధతి వాడుకలో ఉంది. ఉదాహరణకు 120 సెంటీమీటర్ల చుట్టుకొలత, 2 మీటర్ల పొడవు గల దుంగకు ఈ లెక్కన 0.18 ఘనపు మీటర్లు వస్తుంది. గుండ్రటి దుంగ అసలు ఘనపరిమాణం సుమారు 0.229 ఘనపు మీటర్లు. అంటే ఈ పద్ధతి అసలు కలపలో 21.5 శాతాన్ని లెక్కలోకి తీసుకోదు. ఈ తేడాను కోతలో పోయే పొట్టు, చెక్కుల కింద వ్యాపారి చూపుతాడు. రైతు ఈ సంగతి ముందే తెలుసుకొని ధర మాట్లాడుకోవాలి.

కోసిన పచ్చి పలకలను బోరిక్ ఆమ్లం, బోరాక్సు 1:1.5 నిష్పత్తిలో కలిపిన ద్రావణంలో ముంచి, కొన్ని రోజులు కప్పి ఉంచితే మందు చెక్కలోకి వ్యాపిస్తుంది. ఇది వానకు కరిగిపోతుంది కనుక ఇంటి లోపల వాడే వస్తువులకే అనుకూలం. ఆపై పలకల మధ్య సమాన మందం గల చెక్క పట్టీలను ఒకదానిపై ఒకటి నిలువు వరుసలో వచ్చేటట్లు పెట్టి, నీడలో గాలి ఆడేలా పేర్చాలి. పట్టీలు వరుస తప్పితే పలకలు వంకరపోతాయి.

సన్నని కొమ్మలను వంటచెరకుగా, రెమ్మలను ముక్కలు చేసి చెట్ల పాదుల్లో ఆచ్ఛాదనగా వాడవచ్చును. పురుగు సోకిన దుంగలను మాత్రం తోటలో నిల్వ చేయరాదు. చెట్టును పూర్తిగా తొలగించదలిస్తే 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం అవసరమైన అనుమతిని ముందుగా పొందవలెను.

ముగింపు

ముదురు తోట పునరుద్ధరణను రైతులకు వివరించేటప్పుడు విస్తరణ కార్యకర్తలు కోతల ప్రదర్శనతో ఆగకుండా, అదే రోజు దుంగల ఎంపిక, కొలత, పేర్పును కూడా చూపించడం అవసరం. పునరుద్ధరించిన చెట్టు మళ్లీ కాపుకు వచ్చే వరకు రైతుకు ఆ చెట్టు నుండి వచ్చే ఆదాయం దాని కలప ఒక్కటే.