గొంతు గుట్టు తెలిస్తే కొలువు: స్పీచ్ థెరపీలో అవకాశాలు

రోజంతా పాఠాలు చెప్పిన టీచరుకు సాయంత్రానికి గొంతు బొంగురుపోతుంది. గాయకుడికి నిన్నటిదాకా పలికిన పై స్థాయి ఇవాళ అందదు. ఇలాంటివారికి చాలాసార్లు మందులతోనే సరిపోదు, గొంతు వాడే తీరు మార్చుకోవాలి. అది నేర్పేవారే స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజిస్టులు. ఇంటర్ సైన్స్ విద్యార్థులు ఆలోచించదగ్గ వృత్తి ఇది.

గొంతులో జరిగేది ఇదీ!

ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలి, మూసుకుని ఉన్న స్వరతంత్రులను కింది నుంచి నెట్టి తెరుస్తుంది. వాటి సాగే గుణం, గాలి ప్రవాహం కలిసి వాటిని మళ్లీ మూస్తాయి. 1958లో డచ్ శాస్త్రవేత్త వాన్ డెన్ బెర్గ్ వివరించిన సిద్ధాంతం ఇదే. సెకనుకు ఎన్నిసార్లు ఇలా కంపిస్తే అంత పిచ్. మామూలుగా మాట్లాడేటప్పుడు పురుషుల్లో ఇది 100-130 హెర్ట్జ్, మహిళల్లో 200 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది.

పిచ్ పెరగాలంటే ప్రధానంగా తంత్రులు సాగి బిగుసుకోవాలి. ఆ పని క్రికోథైరాయిడ్ కండరానిది. గాలి ఒత్తిడి పెంచితే ముఖ్యంగా ధ్వని తీవ్రత పెరుగుతుంది, పిచ్ కూడా కాస్త పైకి జరుగుతుంది. చిక్కు ఇక్కడే. బిగువుతో అందుకోవాల్సిన స్థాయిని ఒత్తిడితో తోస్తే తంత్రులు ఒకదానికొకటి గట్టిగా గుద్దుకుంటాయి. అదే అలవాటైతే వాటిపై నాడ్యూల్స్ అనే చిన్న బుడిపెలు రావచ్చు. లోపం బిగువులో ఉందా, ఒత్తిడిలో ఉందా అన్నది పట్టుకోవడమే థెరపిస్టు నేర్పు.

పని ఎలా ఉంటుంది?

ఈఎన్‌టీ వైద్యులతో కలిసి పనిచేస్తారు. స్ట్రోబోస్కోపీ అనే పరీక్షలో స్వరతంత్రుల కంపనాలను నెమ్మదిగా కదిలినట్లు చూస్తారు. స్ట్రాను నీళ్లలో ముంచి ‘ఊ’ అని పలికించడం లాంటి సాధనలు చేయిస్తారు. గొంతు సమస్యలతో పాటు నత్తి, పిల్లల్లో మాట ఆలస్యం, పక్షవాతం తర్వాత మాట తడబడటం, మింగడంలో ఇబ్బంది కూడా వీరి పరిధిలోవే. ఆసుపత్రులు, పునరావాస కేంద్రాలు, ప్రత్యేక పాఠశాలల్లో ఉద్యోగాలుంటాయి. సొంత క్లినిక్ పెట్టుకోవచ్చు.

ఏం చదవాలి?

డిగ్రీ స్థాయిలో బీఏఎస్ఎల్‌పీ (బ్యాచిలర్ ఆఫ్ ఆడియాలజీ అండ్ స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ) చేయాలి. ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. తర్వాత రెండేళ్ల పీజీ. మైసూరులో 1965లో మొదలైన ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ ఈ రంగంలో పేరున్న సంస్థ. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. కాలేజీకి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉందో లేదో చూసుకున్నాకే చేరండి. అర్హతలు, ప్రవేశ పరీక్ష వివరాలను ఆ ఏటి నోటిఫికేషన్‌లో సరిచూసుకోండి.

ఎవరికి నప్పుతుంది?

ఫిజిక్స్, బయాలజీ రెండూ ఇష్టమై, ఓపికగా వినగలిగేవారికి. చికిత్స రోగి మాట్లాడే భాషలోనే సాగాలి కాబట్టి తెలుగు మీద పట్టు అదనపు బలం. మీ ఆసక్తిని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. ప్రాట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ‘ఆ’ అని ఒకే శ్రుతిలో మెల్లగా ఒకసారి, గట్టిగా ఒకసారి రికార్డు చేసి పిచ్ గీతను గమనించండి. అది ఎందుకు కదిలిందో తేల్చుకునేదాకా లేవబుద్ధి కాకపోతే ఈ కోర్సుకు దరఖాస్తు చేయండి.