‘వార్ ఆఫ్ ద మాన్‌స్టర్స్’ ఎలా ఆడాలి? ఊరే మీ ఆయుధం

ఇన్‌కాగ్నిటో ఎంటర్‌టైన్‌మెంట్ 2003లో ప్లేస్టేషన్ 2 కోసం చేసిన ఈ ఆటంటే నాకు ఇప్పటికీ ప్రాణం. 2015లో ప్లేస్టేషన్ 4కి కూడా వచ్చింది కాబట్టి పాత యంత్రం కోసం వెతకనక్కర్లేదు. ఆట మొదలవగానే 1950ల నాటి అమెరికా డ్రైవ్-ఇన్ థియేటర్ కనిపిస్తుంది. కార్లో కూర్చుని రాక్షసుల సినిమా చూడబోతున్నట్టే ఉంటుంది.

1. భూతాన్ని ఎంచుకోండి. కాంగార్ కొండంత కోతి. టొగెరాను చూస్తే గాడ్జిల్లా గుర్తొస్తుంది. ప్రేటర్ మేడంత గొల్లభామ. కొత్తవాళ్లు కాంగార్‌తో మొదలుపెడితే మేలు. చేతులూ కాళ్లూ ఎటు కదులుతున్నాయో కంటికి తేలిగ్గా తెలుస్తుంది. రూపాలు ఇంత వేరుగా ఉన్నా, చిన్న దెబ్బలూ పెద్ద దెబ్బలూ కలిపి కొట్టే పద్ధతి మాత్రం అన్నిటికీ దాదాపు ఒకటే. ఈ ఆటలో నాకు కనిపించే పెద్ద లోటు ఇదే.

2. ఊరు చూడండి. మొదటి రెండు మూడు పోట్లాటలు ఓడినా ఫర్వాలేదనుకుని తిరగండి. కార్లు ఎక్కడున్నాయి, ఏ మేడ ఎత్తుగా ఉంది, ప్రాణం పెంచే వస్తువులు ఎక్కడ దొరుకుతున్నాయి అన్నవి గుర్తుపెట్టుకోండి.

3. ఇప్పుడు విసరడం నేర్చుకోండి. ఆట గొప్పతనమంతా ఇక్కడే ఉంది. పిడిగుద్దులనే నమ్ముకున్నవాడు త్వరగా అలసిపోతాడు. కారు ఎత్తి విసిరితే దూరం నుంచే దెబ్బ తగులుతుంది. అంతకన్నా మంచివి ఇనుప దూలాలూ, పొడవాటి యాంటెన్నాలూ. అవి బల్లెంలా దిగబడి శత్రువును కాసేపు కదలనివ్వవు. ఆ కాసేపట్లోనే దగ్గరికి పరుగెత్తి కొట్టాలి. దూలం దొరికిన వెంటనే విసిరేయకండి. ఎదుటివాడు తిన్నగా మీ మీదికి వచ్చేదాకా పట్టుకుని ఆగండి.

4. మేడలెక్కండి. ప్రతి భూతమూ గోడలు పాకగలదు. ప్రాణం తగ్గినప్పుడు పైకెక్కితే ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది, అక్కడినుంచి దూకి దాడీ చేయొచ్చు. అయితే మేడలు కూలతాయని మరవకండి. శత్రువు పక్కనున్న కట్టడాన్ని మీరు కూల్చగలిగినట్టే, మీరున్నదాన్ని వాడూ కూల్చగలడు. కొన్ని ఊళ్లలో ఉప్పెనలు, అగ్నిపర్వతాల్లాంటి ఉత్పాతాలను మీ చేతులతోనే రప్పించవచ్చు. ఇవి మాత్రం ఎవరూ చెప్పకుండా మీరే కనిపెట్టాలని నా కోరిక.

5. మూలల్లోకి పోకండి. గోడకు ఆనుకుని పోరాడితే కెమెరా తికమక పెడుతుంది, దెబ్బ ఎటునుంచి వస్తోందో కనబడదు. రోడ్డు మధ్యకు లాక్కొచ్చి కొట్టండి.

6. పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకోండి. ఒంటరి ఆటలో కథంటూ పెద్దగా లేదు, కొన్నాళ్లకే అయిపోతుంది. ఇద్దరైతేనే దీని అసలు రుచి తెలుస్తుంది. ముగ్గురు, నలుగురు మిత్రులున్నవాళ్లు వంతులు వేసుకోవలసిందే. ఇద్దరూ దూరంగా ఉన్నప్పుడు తెర రెండుగా చీలుతుంది, దగ్గరపడగానే ఒక్కటవుతుంది. చీలి ఉన్నంతసేపూ పక్కవాళ్ల సగం మీద ఒక కన్నేసి ఉంచండి. ఏ మేడ వెనక దూలం పట్టుకుని కాచుకున్నారో తెలిసిపోతుంది.