మందకు చందా

కెన్యా ఉత్తరాన సాంబురు కౌంటీలో 2020 చివరి నుంచి వరసగా ఐదు వానకారులు ముఖం చాటేశాయి. ఆ కరువులో దేశంలోని మెట్ట ప్రాంతాల్లో 20 లక్షలకు పైగా పశువులు చచ్చాయి. దక్షిణాన నరోక్, కాజియాడో మాసాయిలకూ అదే గతి పట్టింది. పాల మీద బతికే ఇంట్లో మంద పోతే తిండి, బడి ఫీజు, మందుల ఖర్చు, పెళ్లిమాట అన్నీ ఒకేసారి పోతాయి. అలాంటి ఇంటికి మళ్లీ నాలుగు మేకలు చేరాలంటే చందా ఎలా నడపాలో చూద్దాం.

ముందు కాలం చూసుకోవాలి. అక్కడ మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చిన్న వానలు. కరువు ఫొటోలు చూసి మనసు కరిగినప్పుడే డబ్బు బాగా రాలుతుంది. మేకలు కొనడానికి మాత్రం అంత చెడ్డకాలం మరొకటి లేదు. మేత లేని చోటికి తోలిన మేక ఎన్నాళ్లు నిలుస్తుంది? అప్పుడు కావలసింది మొక్కజొన్న పిండి, బీన్స్, నీళ్ల ట్యాంకరు. పచ్చిక మొలిచాకే మేక. అందుకని ఇంత తిండికి, ఇంత వానల తర్వాత మందకు అని మొదటే చెప్పి వసూలు చేయాలి. కొందరు దాతలు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఎక్కువ సమయం పట్టేది ఊరి సభకే. దాన్ని బరాజా అంటారు. చెట్టు నీడన పెద్దలు కూర్చుంటారు, చీఫ్ వస్తాడు. సాయం ఎవరికన్న జాబితా బయటివాళ్లు రాయకూడదు. మాసాయిల్లో ఓసోటువా అనే కట్టుబాటు ఉంది. ఆ బంధం కలుపుకున్నవాడు నిజంగా గడవనప్పుడే అడుగుతాడు, గడవడానికి కావలసినంతే అడుగుతాడు. ఇచ్చినవాడు దాన్ని అప్పు కింద రాసుకోడు. ఇలా ఇచ్చిపుచ్చుకునే ఊళ్లో ఎవరి దొడ్లో ఏం మిగిలిందో, ఎవరికి చుట్టాల నుంచి ఆవు అందిందో అందరికీ తెలుసు. రెండు మేకలు చాలన్న ఇంటికి సమానత్వం పేరు చెప్పి ఐదు అంటగట్టకండి.

ఆడవాళ్లతో విడిగా కూర్చోవాలి. అక్కడ మంద మీద మాట మగవాళ్లది, పాల మీద పెత్తనం ఆడవాళ్లది. పెద్దల ముందు నోరు విప్పని వితంతువు పేరు బయటికొచ్చేది ఈ రెండో సభలోనే. తర్వాత రెండు జాబితాలూ కలిపి అందరి ముందు పైకి చదవాలి. తగాదా ఉంటే డబ్బు రాకముందే తేలిపోవాలి.

ఇక ఖాతా. కెన్యాలో ఊరి సంఘాలను నమోదు చేయడానికి 2022లో ప్రత్యేక చట్టమే వచ్చింది. నమోదైన సంఘం పేరనే బ్యాంకు ఖాతా తెరవాలి, సంతకాలు ముగ్గురివి ఉండాలి. ఫోన్‌తో డబ్బు పంపే ఎం-పెసా సేవ 2007లో మొదలై ఇప్పుడు పశువుల కాపరి ఫోన్లోనూ ఉంది కాబట్టి, సంఘం పేరున డబ్బు జమయ్యే పేబిల్ నంబరు తప్పనిసరి. ఎవరో ఒకరి సొంత నంబరుకు డబ్బు వేయించారో, ఆ చందా అక్కడితో చెడినట్టే.

వసూలు నైరోబీలో మొదలుపెట్టడం మేలు. పదిమంది చేరి తలా ఇంత వేసుకునే హరాంబీ అక్కడ పాత అలవాటు. స్వాతంత్ర్యం వచ్చినప్పుడు తొలి ప్రధాని జోమో కెన్యాట్టా దాన్నే దేశ నినాదం చేశాడు. రాజకీయ నాయకుణ్ణి మాత్రం ముఖ్య అతిథిగా పిలవకండి. నోట్ల కట్ట ఆయన తెస్తాడు, మేకలకు పేరు కూడా ఆయనదే పడుతుంది.

విన్నపంలో ఏడుపు వద్దు. 2002లో ఎనోసాయెన్ ఊరి మాసాయిలు న్యూయార్క్ దాడుల సంగతి విని అమెరికాకు 14 ఆవులు దానమిచ్చారు. అలాంటివాళ్లను చేయి చాచే జనంగా చూపిస్తే వాళ్లు నొచ్చుకుంటారు, నొచ్చుకోవాలి కూడా. ఫొటో తీసేముందు అడగండి. అది ఎక్కడ అచ్చవుతుందో చెప్పండి.

హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో పంపేవారికి ఒక మాట. రిజర్వు బ్యాంకు పథకం ప్రకారం ఒక వ్యక్తి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా విదేశాలకు పంపవచ్చు. విరాళమూ అందులోకే వస్తుంది. విదేశీ సంఘానికి నేరుగా ఇచ్చినదానికి 80జి పన్ను రాయితీ ఉండదు. చిన్న మొత్తాలైతే బ్యాంకు ఛార్జీలు చూసుకుని పంపండి.

వానలు పడ్డాయి, డబ్బు చేరింది. కొనుగోలు సుగుటా మార్మార్ లాంటి దగ్గరి సంతలోనే జరగాలి. ఆ నేలకు, ఆ మేతకు అలవాటైన మేకలు దొరుకుతాయి, డబ్బూ అక్కడే తిరుగుతుంది. మేకే ఎందుకంటే, ఐదు నెలల చూలు, పొదలు మేసి బతుకుతుంది. కరువుకు తట్టుకుంటుందని సాంబురులు ఒంటె వైపూ మొగ్గుతున్నారు గానీ దాని ధర వేరు. వంద మేకలు కావాలని ఒకేసారి చాటితే బేరగాళ్లు ధర పెంచేస్తారు; రెండు మూడు సంతల మీదుగా కొనాలి. ఎంపికను ఆ మేకలు తీసుకునే ఆడవాళ్లకే వదలండి. పళ్లు, పొదుగు వాళ్లే చూసుకుంటారు. ఒక ఈత ఈనినదైతే మంచిది. మేకలకు సోకే పీపీఆర్ జబ్బుకు టీకా, నట్టల మందు, చెవి గుర్తు ఖర్చులు చందా లెక్కలో ముందే కలిపి ఉండాలి. చాలామంది మరిచేది ఇదే.

పంపిణీ రోజున రసీదుల లెక్క బరాజాలో చదవాలి. మరో వానకారు గడిచాక మళ్లీ చదవాలి: ఎన్ని ఈనాయి, ఎన్ని చచ్చాయి, ఎన్ని అమ్ముడుపోయాయి. బడి ఫీజుకు మేకను అమ్మితే దాన్ని తప్పు కింద రాయకండి. మొదట పుట్టిన ఆడ మేకపిల్లను జాబితాలో తర్వాతి ఇంటికి ఇవ్వాలన్న ఒప్పందం ఉంటే, ఆ ఇల్లు ఏదో కూడా ఆ రోజే చెప్పాలి. దాతలకు వెళ్లే ఉత్తరంలో చచ్చిన మేకల సంఖ్య మొదటి పేజీలోనే ఉండాలి.