నుడికారంలో సర్కసు

ఉపమేయానికీ ఉపమానానికీ భేదం లేనట్లు చెప్పడం రూపకం. ఈ అలంకారం కావ్యాలకే పరిమితం కాదు. జనుల నోట నిత్యం పలుకుతూనే ఉంటుంది. సర్కసు అటువంటి రూపకాలకు ఒక గని.

లాటిన్ భాషలో 'సర్కస్' అంటే వలయం. ప్రాచీన రోములో అది రథపు పందేలు జరిగే మైదానానికి పేరు. ప్రజలు రాజ్యవ్యవహారాలను మరచి, తిండితోనూ ఈ వినోదాలతోనూ తృప్తిపడుతున్నారని జువెనల్ అనే వ్యంగ్యకవి ఆనాడే ఆక్షేపించాడు. ఆధునిక సర్కసుకు 1768లో లండన్‌లో ఫిలిప్ ఆస్ట్లీ అనే ఆశ్వికుడు బీజం వేశాడు. తెలుగునాట మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు సర్కసు కంపెనీని నడిపి కీర్తి గడించాడు.

క్రిక్కిరిసిన బస్సు ఎక్కడం తెలుగువారికి 'పెద్ద సర్కసు'. పూటకొక మాట చెప్పే నాయకుడు వేసేవి 'పిల్లిమొగ్గలు'. కష్టసాధ్యమైన కార్యం 'కత్తిమీద సాము'. మొదటి దానిలో విసుగు, రెండవదానిలో ఎగతాళి, మూడవదానిలో గౌరవం ధ్వనిస్తాయి. మూడింటికీ మూలం దేహాన్ని అదుపులో ఉంచుకొనే విద్యయే. చూసే చూపులోనే భేదం.

ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1854లో వెలువరించిన 'హార్డ్ టైమ్స్'లో ఈ చూపును మార్చాడు. సర్కసువారి బిడ్డ సిస్సీ గుర్రాల నడుమ పెరిగినా, తరగతిలో గుర్రానికి నిర్వచనం చెప్పలేకపోతుంది. గుర్రాన్ని ఎరుగని చదువు గెలిచినట్లు కనబడుతుంది. అయితే నవల ముగిసేసరికి కరుణ, ఊహాశక్తి సర్కసు డేరాలోనే మిగిలి ఉన్నాయని పాఠకునికి తెలుస్తుంది.

నిజానికి సర్కసులో గందరగోళానికి తావు లేదు. ఊయల విడిచి గాలిలోకి ఎగిరినవానికి, అందుకొనే చేయి సరిగ్గా ఆ క్షణానికే చాచి ఉండాలి. క్షణం తప్పితే ప్రాణాపాయం. అంతటి క్రమశిక్షణ గల విద్యను మన నుడి అయోమయానికి పర్యాయపదం చేసింది.

ఇంతకన్న విచారకరమైన విషయం మరొకటి ఉంది. సర్కసు డేరాలు రాకముందే, వీధులలో గడ ఎక్కి, మోకుపై నడిచి జనాన్ని అలరించినవారు దొమ్మరులు. వారి విద్యకు చప్పట్లు చరచిన సమాజమే వారి కులనామాన్ని తిట్టుగా మార్చింది. రూపకం భాషకు అందం తెస్తుంది. కాని దాని వెనుక ఉన్న మనిషిని మరచిననాడు అదే మాట గాయం చేస్తుంది. మాటను ప్రయోగించేవారు దాని పుట్టుకను కూడా ఎరిగి ఉండడం భాషా సంస్కారం.