హీరో తల్లికి హాస్టల్ బెంగ

పదో తరగతి చదివే మీ అబ్బాయో అమ్మాయో కంచం ముందు పెట్టుకుని ఫోన్లో జపాన్ కార్టూన్ చూస్తుంటే, "ఇంత వయసొచ్చింది, ఇంకా ఈ బొమ్మలేంటి?" అని గదమాయించబోయే ముందు కాస్త ఆగండి. తెర మీద ఆకుపచ్చ జుట్టు కుర్రాడు కనిపిస్తే అది బహుశా 'మై హీరో అకడమియా' అయ్యుంటుంది. వీలు చూసుకుని పక్కన కూర్చోండి, రెండు మూడు భాగాలు చూడండి. పిల్లల కథే, కాదనను. కానీ అందులో అమ్మానాన్నల సంగతులు ఎన్ని ఉన్నాయో చూస్తే ఆశ్చర్యపోతారు.

కోహెయి హొరికోషి అనే జపాన్ చిత్రకారుడు 2014 జూలైలో 'వీక్లీ షోనెన్ జంప్' పత్రికలో ఈ బొమ్మల కథ మొదలుపెట్టి, 2024 ఆగస్టులో 430వ అధ్యాయంతో ముగించాడు. 2016లో టీవీకి ఎక్కింది. అక్కడ కూడా 2025 చివర్లో అయిపోయింది. కథలోని లోకంలో నూటికి ఎనభై మందికి పుట్టుకతో ఏదో ఒక అతీత శక్తి ఉంటుంది. దాన్ని క్వర్క్ అంటారు. ఒకరు నిప్పు పుట్టిస్తారు, ఇంకొకరు ముట్టుకుంటే చాలు వస్తువు బరువు పోయి గాల్లో తేలుతుంది. ఆ శక్తితో జనాన్ని కాపాడటం అక్కడ లైసెన్సున్న ఉద్యోగం. దానికో ఎంట్రన్సు, పేరు మోసిన బడి, ఏ హీరో ఎన్నో నంబరో చెప్పే జాబితా. ఇదంతా మనకు బాగా తెలిసిన వ్యవహారమే! యు.ఏ. హైస్కూల్లో 1-ఏ సెక్షన్ పిల్లలకు కథ మొదట్లో పదిహేనేళ్లు. మన దగ్గర పదో తరగతి గట్టెక్కి ఇంటర్‌లో చేరే వయసు.

చిన్న పిల్లలకు మాత్రం ఇది చూపించకండి. దెబ్బలు, నెత్తురు బాగా ఉంటాయి. ఒక కుర్రాడి వెకిలి వేషాలు నాకు ఇప్పటికీ మింగుడు పడవు. పదమూడు దాటాక పరవాలేదు, మీరూ ఇంట్లో ఉన్నప్పుడైతే ఇంకా మంచిది.

ఇక అసలు సంగతికి వద్దాం. కథానాయకుడు ఇజుకు మిడోరియా. నాలుగేళ్ల వయసులో డాక్టరు పరీక్ష చేసి, వీడికి ఏ శక్తీ రాదని తేల్చేస్తాడు. ఆ రోజు ఇంటికొచ్చి, పిల్లాడు కంప్యూటర్ ముందు కూర్చుని తనకిష్టమైన హీరో ఆల్ మైట్ వీడియో పెట్టుకుంటాడు. వెనక్కి తిరిగి, కళ్ల నిండా నీళ్లతో, నవ్వుతూనే తెర వైపు వేలు చూపించి, నేను కూడా హీరో అవ్వగలనా అని తల్లిని అడుగుతాడు. ఆవిడ వాణ్ణి గట్టిగా పట్టుకుని ఏడుస్తూ క్షమించమంటుంది. ప్రేమకు లోటేమీ లేదు. కానీ వాడికి కావలసిన మాట అది కాదు. 'నువ్వు అవ్వగలవు' అన్న మాట పదేళ్ల తర్వాత పరాయివాడి నోటి వెంట విని, రోడ్డు మీద కూలబడి ఏడుస్తాడు. ఆ పరాయివాడు ఆల్ మైటే, తర్వాత తన శక్తిని వాడికి ఇచ్చేదీ ఆయనే.

నాకు నచ్చింది తర్వాత జరిగేది. ఆ తల్లి పేరు ఇంకో. ఆవిడ తన లోటు తానే గుర్తిస్తుంది. కొడుకు యు.ఏ.లో సీటు తెచ్చుకున్నాక, వాడి నోటుపుస్తకంలో గీసుకున్న బొమ్మ చూసి, అచ్చం అలాంటి దుస్తులే సిద్ధం చేసి చేతిలో పెడుతుంది. ఆ రోజు నేను నీ ఆశ వదిలేశాను, నువ్వు వదల్లేదు, ఇక నుంచి నేను నీ వెనకాలే ఉంటాను అని చెబుతుంది. నిపుణులు తయారుచేసిన తోటివాళ్ల దుస్తుల ముందు అది సాదాగానే ఉంటుంది. వాడు మాత్రం దాన్నే వేసుకుని వెళ్తాడు. మీరూ ఎప్పుడో నోరు జారి ఉంటారు. "నీకు లెక్కలు రావులే", "మన వల్ల కాదులే" లాంటివి మన నాలుక చివరనే ఉంటాయి కదా. ఏళ్లు గడిచాయి, పిల్లలు మరిచిపోయి ఉంటారని అనుకోకండి. ఇప్పుడైనా ఆ మాట ఎత్తి, అప్పుడు నేనన్నది తప్పు నాన్నా అని చెబితే పోయేదేమీ లేదు.

మరో ఇల్లు చూడండి. దేశంలో రెండో నంబరు హీరో ఎండెవర్. ఎంత కష్టపడ్డా ఆల్ మైట్‌ను దాటలేకపోయాడు. తనవల్ల కానిది కడుపున పుట్టినవాళ్ల చేతనైనా చేయించాలని పట్టుబట్టాడు. అందుకోసమే మంచు శక్తి ఉన్న కుటుంబం నుంచి పిల్లను చూసి పెళ్లి చేసుకున్నాడు. చిన్నవాడు షోతోకు నిప్పూ మంచూ రెండూ వచ్చేసరికి ఐదేళ్ల పసివాడితో కసరత్తు మొదలుపెట్టాడు. 'మొక్కై వంగనిది మానై వంగునా' అంటాం చూడండి, ఆయన దాన్ని అక్షరాలా అమలు చేశాడు. వంగిందేమిటి? తల్లి మతి చలించి, ఆ పిల్లాడి ఎడమ వైపు మొహంలో భర్త పోలిక చూసి మరిగే నీళ్లు పోసింది. నాన్న మెప్పు కోసం ఒంటరిగా కొండెక్కి సాధన చేసిన పెద్దవాడు టోయా, రమ్మన్న రోజు నాన్న రాకపోయేసరికి తన మంటల్లో తానే కాలిపోయాడు. బతికి బయటపడి విలన్ల గుంపులో తేలాడు. షోతో యు.ఏ. హైస్కూల్లో చేరాక కూడా, తండ్రి ఇచ్చిందనే కసితో సగం శక్తిని వాడనే వాడడు. స్పోర్ట్స్ ఫెస్టివల్లో ఇజుకు ఎదురు నిలిచి, అది మీ నాన్నది కాదు, నీ శక్తి అని అరిచాకే వాడి నిప్పు బయటికొస్తుంది.

డాక్టరు కాలేకపోయిన నాన్నలు, ఇంజినీరింగ్ మధ్యలో ఆపేసిన అమ్మలు ఈ ఇంటి కథ చూసేటప్పుడు కాస్త ఇబ్బందిపడతారు. పడనివ్వండి. ఈ రచయిత ఎండెవర్‌ను సులువుగా క్షమించడు. అలాగని ఉత్త రాక్షసుడిగానూ వదిలేయడు. చివర్లో ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని, కదలలేని స్థితిలో ఉన్న టోయా దగ్గరికి వచ్చి, రోజూ వస్తాను, మాట్లాడుకుందాం అంటాడు. కొండ మీదికి రానందుకు అది సరిపోతుందని కథ ఎక్కడా అనదు.

అదే 1-ఏ సెక్షన్లో చదివే అవోయామా ఇంటి సంగతి మరీ కష్టం. ఆ అబ్బాయికీ పుట్టుకతో శక్తి లేదు. అమ్మానాన్నలు డబ్బున్నవాళ్లు, పైగా ప్రేమ ఉన్నవాళ్లు. నలుగురిలో మావాడు తక్కువ కాకూడదని ఒక పరమ దుర్మార్గుడి దగ్గరికి వెళ్లి, వాడి చేత కొడుక్కి శక్తి పెట్టించారు. ఆ శక్తి పిల్లాడి ఒంటికి సరిపడలేదు. ఎక్కువసేపు వాడితే కడుపునొప్పి. ఇచ్చినవాడు ఊరుకోలేదు, బాకీ వసూలు చేసుకున్నాడు. పిల్లాడు తన సెక్షన్ వాళ్ల రహస్యాలే శత్రువుకు చేరవేయాల్సి వచ్చింది. సీటు కొనిపెట్టే తల్లిదండ్రులు, తన వల్ల కాని కోర్సులో కడుపునొప్పితో కూర్చునే పిల్లలు మన ఊళ్లలో లేరనుకుంటే చెప్పండి, నేను ఈ పేరా కొట్టేస్తాను. చివర్లో విలన్లతో జరిగే యుద్ధంలో స్నేహితుల పక్షాన నిలబడ్డాక, వాళ్లు వద్దంటున్నా ఆ అబ్బాయి బడి వదిలి వెళ్లిపోతాడు. నా దృష్టిలో ఈ సెక్షన్లో అందరికంటే ముందు పెద్దవాడైంది వాడే.

అన్ని ఇళ్లూ ఇలాగే ఉండవు లెండి. అదే సెక్షన్ అమ్మాయి ఒచాకో ఉరారకా నాన్నకు చిన్న కట్టడాల కంపెనీ, చేతిలో పనులుండవు. చిన్నప్పుడు ఆ పిల్ల, పెద్దయ్యాక మీకు సాయంగా ఇక్కడే పనిచేస్తానంటే, వద్దు తల్లీ, నువ్వు అనుకున్నది నువ్వు సాధిస్తే మాకు అంతకన్నా ఏం కావాలి, అప్పుడు మమ్మల్ని హవాయి తీసుకెళ్లు అంటాడాయన. పోటీలో ఓడిపోయిన రోజు ఆ అమ్మాయి తోటివాళ్ల ముందు నవ్వుతూ తిరిగి, నాన్న ఫోన్ చేశాకే ఏడుస్తుంది. మీ పిల్లలు ఓడిన రోజు ఎవరితో మాట్లాడి ఏడుస్తారో మీకు తెలుసా?

హాస్టల్ దగ్గరికి వద్దాం. దాడుల భయంతో యు.ఏ. తన పిల్లలందరినీ హాస్టళ్లలోకి మార్చాలనుకుంటుంది. టీచర్లు ఇంటింటికీ వెళ్లి ఒప్పిస్తారు. మిడోరియా ఇంటికి ఆల్ మైట్ స్వయంగా వస్తాడు, అప్పటికే శక్తి ఉడిగి చిక్కి సగమైన మనిషి. తల్లి ఇంకో మామూలుగా చాలా మెతక మనిషి, కంట నీళ్లు ఆగవు. భర్త ఉద్యోగం పేరుతో పరదేశంలో ఉంటాడు, కథలో మొహం చూపించడు. గల్ఫ్‌లో భర్తలున్న మన జగిత్యాల, కరీంనగర్ ఇళ్లలో ఇంకోలు ఎంతమందో. ఆ మెతక మనిషి దేశమంతా దండం పెట్టే హీరోకు ఎదురు చెబుతుంది. మావాడి కలకు నేను అడ్డం కాదు, కానీ మీ బడికి పంపించను. చేతులు విరిగి, దెబ్బలతో ఇంటికొస్తున్న కొడుకును చూస్తున్నాను. దేశానికి మీరు ఎవరైనా కావచ్చు, వాడి తల్లిని నేను. ఆవిడ మాటల్లోని భావం ఇదీ.

ఆల్ మైట్ వాదించడు. నేల మీద మోకరిల్లి తల ఆన్చి, ప్రాణం ఒడ్డి పిల్లాణ్ణి కాపాడి పెంచుతానంటాడు. ఆవిడ దానికీ ఒప్పుకోదు! మీరు చచ్చిపోతే మావాడు ఏమైపోతాడు, బతికి ఉండి వాణ్ణి కాపాడండి, పెంచండి, ఆ మాట ఇస్తేనే పంపిస్తాను అంటుంది. మూడో సీజన్లో ఉంటుంది ఈ భాగం. జూన్‌లో పిల్లల్ని ఇంటర్ హాస్టల్లో దింపబోయే వాళ్లు ముందుగా ఒకసారి చూడండి.

అడ్మిషన్ కౌంటర్ దగ్గర మనం ఏసీ రూమా, ఏ బ్యాచ్, కిందటేడు ఎన్ని ర్యాంకులొచ్చాయి అని అడుగుతాం. ఇజుకు తల్లిలా మొహమాటం లేకుండా వేరేవి అడగండి. రాత్రి జ్వరమొస్తే ఎవరు చూస్తారు? పిల్లాడు నాలుగు రోజులు సరిగా తినకపోతే మాకు ఎవరు చెబుతారు? వారం పరీక్షలో మార్కులు తగ్గితే పదిమందిలో నిలబెడతారా? జవాబు సరిగా రాకపోతే అడ్వాన్సు వదులుకుని వచ్చేయండి. పిల్లలతో కూడా ముందే ఒక మాట అనుకోండి: ఉండలేకపోతే చెప్పు, వచ్చేసినా ఏమీ అనం. అన్నాక నిజంగానే ఏమీ అనకండి.

ఈ కథలో ఒక తమాషా ఉంది. పదేళ్లు అచ్చయినా, మొదటి కొద్ది అధ్యాయాలూ చివరివీ పోగా నడిచింది ఇంచుమించు హైస్కూలు మొదటి ఏడే. 2014లో పన్నెండేళ్ల వయసులో చదవడం మొదలుపెట్టిన పిల్లలు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగాల్లో చేరారు. ఇజుకు మాత్రం పదహారు దగ్గరే ఉండిపోయాడు. చివరి అధ్యాయంలో కథ ఒక్కసారిగా ఎనిమిదేళ్లు ముందుకు దూకుతుంది. శక్తి మొత్తం ఆరిపోయిన ఇజుకు అదే యు.ఏ.లో టీచరు. తోటివాళ్లు పేరున్న హీరోలై ఎవరి పనుల్లో వాళ్లున్నారు, కలవడం తగ్గింది. ఆ స్నేహితులే డబ్బు పోగేసి, శక్తి లేకపోయినా హీరోగా దిగడానికి పనికొచ్చే కవచం చేయించి ఇస్తారు. చాలామంది అభిమానులకు ఈ ముగింపు నచ్చలేదు. లోకాన్ని కాపాడినవాడికి దక్కింది ఇదేనా అని గొడవ చేశారు. నాకైతే కవచం లేకపోయినా బాగానే ఉండేదనిపించింది. తరగతి గది గుమ్మం దగ్గర నిలబడి, నేనూ అవ్వగలనా అని అడిగే పిల్లలకు జవాబు చెప్పే ఉద్యోగం చిన్నదేమీ కాదు.

ఇష్టమైన సిరీస్ అయిపోయిందని మీ పిల్ల రెండు రోజులు డల్‌గా ఉంటే నవ్వకండి. పరీక్షలు, స్నేహితులు దూరమవడం, ఇల్లు వదలడం, అన్నీ ఆ వయసులోనే వచ్చిపడతాయి. ముగింపు నచ్చకపోతే ఎందుకో అడిగి, తను చెప్పిందంతా వినండి. మధ్యలో "అంతా చేసి చివరికి టీచరేనా?" అన్న మాట మాత్రం మీ నోటి వెంట రానివ్వకండి. రేపు తను ఏం అవ్వాలనుకుంటున్నా మీతో చెప్పాలా వద్దా అన్నది తను అక్కడే తేల్చుకుంటుంది.