మేకులు, త్రాళ్లు – పేరుపేరున

పఠన భాగములు: సంఖ్యాకాండము 4:29–33, 1 కొరింథీయులకు 12:14–26



అరణ్యములో ఇశ్రాయేలీయులు గుడారము విప్పి బయలుదేరినప్పుడు లేవీయులలో మూడు వంశములవారు మూడు విధములైన బరువులు మోసిరి. కహాతీయులు మందసమును, దీపవృక్షమును, బలిపీఠములను భుజములమీద మోసిరి. గెర్షోనీయులకు తెరలు వచ్చెను. మెరారీయుల వంతునకు పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభములు, దిమ్మలు, మేకులు, త్రాళ్లు వచ్చెను. మందసము మోయువాని వెంట అందరి కన్నులు పోవును. మేకుల మూట మోయువానిని ఎవరు చూతురు? అయినను మేకు లేనిదే త్రాడు బిగియదు, త్రాడు లేనిదే స్తంభము నిలువదు.

మన సంఘములలో అనేక కలహములు ఈ స్థలముననే పుట్టుచున్నవి. పెద్దల ఎన్నికలో తన పేరు రానందున గుడికి వచ్చుట మానినవారు కలరు. ఇరువది ఏండ్లు చాపలు పరచి, దీపములు తుడిచి, ఒకనాడు మనస్సు విరిగి ఊరకున్నవారును కలరు. ఇట్టివారికొరకు ఈ నెల ఒక దూరదేశపు ఆటగాని జీవితమును చూతము. అపొస్తలుడైన పౌలు పరుగు పందెమును పాఠముగా చూపెను గనుక మనమును ఆటనుండి నేర్చుకొనవచ్చును.

1. ఎవరికిని కనబడని పరుగు

అమెరికా దేశపు ఫుట్‌బాలు మన పిల్లలు ఆడు ఆట కాదు. కోలగానున్న బంతిని చేతపట్టుకొని పరుగెత్తుదురు. ఒక్కొక్క ప్రక్క పదునొకండుగురు. మైదానము నూరు గజములు. నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందుకు పోవలెను. మూడింటిలో పోలేనియెడల, సాధారణముగా నాలుగవసారి బంతిని దూరముగా తన్ని ఎదుటివారికి విడిచిపెట్టుదురు. దానిని పట్టుకొన్నవాడు తిరిగి పరుగెత్తి రాకుండ, తన్నిన జట్టువాడొకడు మైదానపు అంచునుండి నలువది ఏబది గజములు దూసికొనిపోయి అతనిని పడవేయవలెను. వానిని అడ్డగించుటకు తరచుగా ఇద్దరిని నిలుపుదురు. ఇట్టి పనులు చేయు దళమును స్పెషల్ టీమ్స్ అందురు. ఈ పని చక్కగా జరిగినప్పుడు చూచువారికి విశేషమేమియు కనబడదు. బంతి పట్టుకొన్నవాడు పట్టుకొన్న చోటనే పడును. లెక్కలో ఒక్క అంకెయు మారదు.

మాథ్యూ స్లేటర్ అనువాడు పదునారు సంవత్సరములు ఈ పనియే చేసెను. అతని తండ్రి జాకీ స్లేటర్ 1976 మొదలు 1995 వరకు ఇరువది సంవత్సరములు రామ్స్ జట్టులో ఆడి, 2001లో ఆ ఆటలోని ప్రముఖుల పేళ్లుంచు హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చబడినవాడు. కుమారుని 2008లో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ జట్టువారు ఐదవ వరుసలో, 153వ వానిగా ఎన్నుకొనిరి. పట్టికలో అతని పేరు బంతి అందుకొనువారిలో వ్రాయబడెను. అయితే పదునారేండ్లలో సాధారణ పోటీలలో అతడు అందుకొన్న బంతి ఒక్కటే. అది 2011లో, నలువది ఆరు గజములు.

అతడు మొదటిసారి గెలుపు గీత దాటి అంకెలు సంపాదించినది 2019లో, తన పండ్రెండవ ఏట, బఫెలో జట్టుతో ఆడినప్పుడు. అదియు తన్నబడిన బంతిని తోటివాడు జాక్సన్ చేతితో అడ్డగింపగా, దొర్లిన దానిని ఎత్తుకొని పరుగెత్తుటవలన కలిగినది.

2. పేరుపేరున లెక్కింపబడుట

ఇప్పుడు సంఖ్యాకాండము 4:32 మరల చదువుడి. మెరారీయులు మోయు సామగ్రిని పేరుపేరున అప్పగించి లెక్కింపవలెనని ఆజ్ఞ. మేకులనుగూర్చియు త్రాళ్లనుగూర్చియు ఈ మాట వ్రాయబడెను. చిన్న వస్తువే తప్పిపోవునది. అది తప్పిపోయినట్టు గుడారము నిలుపునాటివరకు తెలియదు. ఇంకొక సంగతి: ఆ లెక్కలో కహాతీయులు 2,750 మంది, గెర్షోనీయులు 2,630 మంది, మెరారీయులు 3,200 మంది. మేకులు మోయువారే ఎక్కువ. వారికి నాలుగు బండ్లును ఎనిమిది ఎద్దులును ఇయ్యబడెను. బరువు పెట్టిన దేవుడు బండ్లను కూడ చూచెను.

స్లేటరును జనసమూహము అంతగా ఎరుగకపోయినను ఆట తెలిసినవారు ఎరిగిరి. తోటి ఆటగాండ్రు అతనిని 2011 మొదలు 2023 వరకు తమ నాయకులలో ఒకనిగా ఎన్నుకొనుచు వచ్చిరి. మేటి ఆటగాండ్రకిచ్చు ప్రో బౌల్ గౌరవము పదిసార్లు లభించెను. ఇట్టి పని చేయువారిలో మరి ఎవరికిని అన్నిసార్లు లభింపలేదు. అతని జట్టు 2015, 2017, 2019 సంవత్సరములలో సూపర్ బౌల్ గెలిచెను. అతడు క్రీస్తునందలి విశ్వాసమును బహిరంగముగా ఒప్పుకొనువాడు. సత్ప్రవర్తనకిచ్చు బార్ట్ స్టార్ బహుమానము 1996లో తండ్రికిని 2017లో కుమారునికిని వచ్చెను. 2024 ఫిబ్రవరిలో అతడు ఆట విరమించెను.

అతనియందలి సమస్తమును మాదిరిగా ఎంచుడని మేము చెప్పుట లేదు. ఆ ఆటలు ఎక్కువగా ఆదివారమున జరుగును. ఆ ఢీకొనుట దేహమునకు అపాయకరము. అందుచేత 2024లో ఆట మొదలుపెట్టునప్పటి బంతి తన్ను నియమమును మార్చి అందలి వేగపు పరుగును తగ్గించిరి. మనము నేర్చుకొనవలసినది ఇంతమట్టుకే: తాను కోరిన స్థలము కాక తనకు దొరికిన స్థలములో అతడు పదునారేండ్లు నమ్మకముగా నిలిచెను.

3. మనకు వచ్చు పాఠము

ఈ పాఠమునకు రెండు ప్రక్కలున్నవి. బలహీనముగా కనబడు అవయవములే అవసరమైనవని పౌలు బోధించుచున్నాడు. కావున చాప పరచు సహోదరీ, గంట కొట్టు సహోదరుడా, మీ పని ఆగినయెడల ఆరాధన ఆగును, మనస్సు విరుగనీయకుడి.

రెండవ ప్రక్క కాపరులమైన మాకును సంఘపెద్దలకును చెందును. పేరుపేరున లెక్కించు పని మెరారీయులది కాదు, వారిపై విచారణ చేయువారిది. మెరారీయుల పని యాజకుడగు అహరోను కుమారుడైన ఈతామారు చేతిక్రింద జరిగెను. సంఘములో దీపము తుడుచువారి పేరు పెద్దకు తెలియనియెడల, మనస్సు విరిగినవానిని మాత్రమే గద్దించుట న్యాయము కాదు. వారికి ఏ బండి అవసరమో మేమే అడుగవలెను. కోతపండుగ కానుకలు చదువునప్పుడు ఇచ్చినవారి పేళ్లతోపాటు పందిరి గుంజలు పాతినవారి పేళ్లను కూడ చదువుదము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన గుడిలో ఎవరికిని కనబడని పనులు ఎన్ని? చేయువారి పేళ్లు చెప్పగలమా?
2. మనము కోరిన స్థలము దొరకనప్పుడు దొరికిన స్థలమును ఎట్లు చూచుచున్నాము?
3. బరువు మోయువారికి మన సంఘము ఏ సహాయము చేయవచ్చును?

ప్రార్థన: ప్రభువా, మందసమును మేకును ఎరిగినవాడా, మా వంతు బరువును సంతోషముగా మోయుటకును, తోటివాని బరువును పేరుపెట్టి గుర్తించుటకును మాకు కృప దయచేయుము. ఆమేన్.